బీఎస్సీ సెకండియర్ ఆర్గానిక్ కెమిస్ట్రీ: గట్టెక్కే దారి చెప్పండి

సిరి_బీజెడ్‌సీ:

అందరికీ నమస్తే. నేను బీఎస్సీ సెకండియర్, బీజెడ్‌సీ గ్రూపు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. బోటనీ, జువాలజీ ఎలాగో నెట్టుకొస్తున్నాను కానీ ఆర్గానిక్ దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తున్నాను. మొదటి ఇంటర్నల్‌లో 20కి 7 వచ్చాయి. సెమ్ పరీక్షకు ఇంకా ఆరు వారాల టైముంది.

చదవక కాదు. రియాక్షన్లన్నీ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రంగురంగుల పెన్నులతో రాసిపెట్టుకున్నాను. రాత్రి చూస్తే అన్నీ వచ్చినట్టే ఉంటాయి. పొద్దున్న కాలేజీ బస్సెక్కేసరికి ఆల్డాల్‌కీ కానిజారోకీ తేడా చెప్పలేను. రెండింట్లోనూ ఆల్డిహైడే, రెండింట్లోనూ సోడియం హైడ్రాక్సైడే! ఇవి చాలవన్నట్టు పెర్కిన్ అట, బెంజోయిన్ అట, క్లైసన్ అట. ఎవరిని అడిగినా "బట్టీ పట్టకు, కాన్సెప్ట్ అర్థం చేసుకో" అంటారు. కూర్చుని ఆ అర్థం చేసుకోవడం ఎలా చేస్తారో మాత్రం ఎవరూ చెప్పరు. దయచేసి ఆ మాట తప్ప ఇంకేదైనా చెప్పండి.

సప్లీ_వీరుడు:

చెల్లీ, టెన్షన్ పడకు. సీనియర్‌గా చెప్తున్నా. మీ యూనివర్సిటీ గత ఐదేళ్ల పేపర్లు తెచ్చుకో. ఎస్సే ప్రశ్నలు తిప్పి తిప్పి అవే వస్తాయి. ఆల్డాల్ మెకానిజం, కానిజారో మెకానిజం, ఎస్ఎన్1, ఎస్ఎన్2 (కార్బన్ మీద ఒక గ్రూపు పోయి ఇంకోటి చేరే రెండు దారులు) తేడాలు, ఫినాల్ ఎందుకు ఆమ్లం, ఇవి ఏటా ఏదో ఒక రూపంలో ఉంటాయి. ఓ పన్నెండు ప్రశ్నలు నీటుగా రాసి చూసుకుంటే పాస్ గ్యారంటీ. కాన్సెప్టు సంగతి పాసయ్యాక చూసుకోవచ్చు.

ఓరుగల్లు_పిల్ల:

+1. నేనూ అదే చేసి బయటపడ్డా. కాకపోతే ఇప్పుడు ఎమ్మెస్సీ ఎంట్రెన్స్‌కు చదువుతుంటే అన్నీ మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సి వస్తోంది. అది వేరే బాధ.

పాత_లెక్చరర్:

డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు ఈ పేపరే చెప్పి రిటైరయ్యాను కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవమ్మా.

పాత పేపర్లు చూడమన్న సలహా తప్పు కాదు. కానీ ఆ పన్నెండు ప్రశ్నల్లో పేపర్ సెట్టర్ ఎసిటాల్డిహైడ్ తీసేసి ప్రొపనాల్ (propanal, ఇంకో ఆల్డిహైడ్) పెట్టాడనుకో, బట్టీ పట్టినవాడి పెన్ను అక్కడే ఆగిపోతుంది. నా క్లాసులో ఇది ప్రతి ఏడూ చూశాను.

నువ్వు ఐదు పేర్లు చెప్పావు. ఆ ఐదూ ఐదు వేర్వేరు సంగతులు అనుకుంటున్నావు కాబట్టి కలిసిపోతున్నాయి. ఒక తెల్లకాగితం తీసుకుని ప్రతి రియాక్షన్‌కూ రెండే ప్రశ్నలు వేసుకో. కార్బొనైల్ (కార్బన్, ఆక్సిజన్ ద్విబంధం) పక్క కార్బన్ మీద హైడ్రోజన్, అంటే ఆల్ఫా హైడ్రోజన్, ఉందా? ఉంటే దాన్ని లాగే క్షారం ఏది?

ఎసిటాల్డిహైడ్‌లో ఆల్ఫా హైడ్రోజన్లు మూడున్నాయి. సజల సోడియం హైడ్రాక్సైడ్‌లోని హైడ్రాక్సైడ్ ఒకదాన్ని లాగుతుంది. హైడ్రోజన్ తన ఎలక్ట్రాన్ జంటను కార్బన్ దగ్గరే వదిలి పోతుంది. అప్పుడా కార్బన్ మీద రుణావేశం. అది ఇంకో ఎసిటాల్డిహైడ్ అణువులోని కార్బొనైల్ కార్బన్ మీద పడుతుంది, ద్విబంధంలోని ఒక జంట ఆక్సిజన్ మీదకు వెళ్తుంది, ఆ ఆక్సిజన్ నీటి నుంచి ప్రోటాన్ తీసుకుంటుంది. వచ్చింది 3-హైడ్రాక్సీ బ్యూటనాల్ (butanal). వేడి చేస్తే నీరు పోయి బ్యూట్-2-ఈనాల్ (but-2-enal). ఇదే ఆల్డాల్.

ఇప్పుడు క్లైసన్ చూడు. ఆల్డిహైడ్ బదులు ఇథైల్ ఎసిటేట్, హైడ్రాక్సైడ్ బదులు సోడియం ఇథాక్సైడ్. కథ అదే: ఆల్ఫా హైడ్రోజన్ పోయింది, ఆ కార్బన్ ఇంకో ఎస్టర్ మీద పడింది. ఒక్కటే తేడా, అక్కడ ఇథాక్సైడ్ బయటికి పోతుంది కాబట్టి చివరికి ఇథైల్ ఎసిటోఎసిటేట్ వస్తుంది. సోడియం హైడ్రాక్సైడ్ ఎందుకు వాడరు? వాడితే ఎస్టర్ జలవిశ్లేషణ అయి కూర్చుంటుంది. పెర్కిన్‌లో ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ ఆల్ఫా హైడ్రోజన్ ఇస్తుంది, సోడియం ఎసిటేట్ లాగుతుంది, దెబ్బ తినేది బెంజాల్డిహైడ్, వచ్చేది సినమిక్ ఆమ్లం. అంటే మూడు పేర్లకూ ఒకే మెకానిజం, మనుషులు మారారంతే.

మిగిలినవి కానిజారో, బెంజోయిన్. రెండింట్లోనూ బెంజాల్డిహైడ్, దానికి ఆల్ఫా హైడ్రోజన్ లేదు, కాబట్టి పై కథ నడవదు. గాఢ క్షారంలో హైడ్రాక్సైడ్ నేరుగా కార్బొనైల్ కార్బన్ మీద పడుతుంది. అలా ఏర్పడిన మధ్యస్థం తన హైడ్రోజన్‌ను హైడ్రైడ్‌గా, అంటే ఎలక్ట్రాన్ జంటతో సహా, ఇంకో బెంజాల్డిహైడ్‌కు ఇచ్చేస్తుంది. ఇచ్చినది ఆమ్లం లవణమవుతుంది, తీసుకున్నది బెంజైల్ ఆల్కహాల్ అవుతుంది. 1853లో కానిజారో చేసి చూపించింది ఇదే. బెంజోయిన్‌లో పని చేసేది సయనైడ్, అది వేరేగా చూద్దాం.

నీ నోట్‌బుక్‌లో ఇవి ఐదు పేజీల్లో ఐదు రంగుల్లో ఉండి ఉంటాయి. ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి పెట్టు.

సిరి_బీజెడ్‌సీ:

సార్, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్. మూడూ ఒకే కథ అని ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఒక డౌటు. ఎసిటాల్డిహైడ్‌లో కూడా కార్బొనైల్ కార్బన్ ఉంది కదా. హైడ్రాక్సైడ్ హైడ్రోజన్‌ను లాగాలో, కార్బన్ మీద పడాలో దానికెలా తెలుస్తుంది?

పాత_లెక్చరర్:

శభాష్. దానికేమీ తెలియదమ్మా, రెండూ చేస్తుంది. కార్బన్ మీద పడితే హైడ్రేట్ లాంటిది ఏర్పడుతుంది, అది వెనక్కి తిరిగిపోగలదు. హైడ్రోజన్ లాగిన దారిలో ముందుకు పోవడానికి ఆల్డాల్ ఉంది. కానిజారోలో హైడ్రైడ్ బదిలీ నెమ్మది మెట్టు, అందుకే గాఢ క్షారం కావాలి. ఆల్ఫా హైడ్రోజన్ ఉన్నచోట అంతసేపు ఎవరూ ఆగరు. ఆల్డాల్ ముందే ఐపోతుంది. లేనిచోట మాత్రమే కానిజారోకు అవకాశం.

దీన్నిబట్టి ట్రైమిథైల్ ఎసిటాల్డిహైడ్‌కు ఏం జరుగుతుందో నువ్వే చెప్పు. పేరులో ఎసిటాల్డిహైడ్ ఉందని మోసపోకు.

సిరి_బీజెడ్‌సీ:

బొమ్మ వేసి చూశాను సార్. పక్క కార్బన్‌కు మూడు మిథైల్ గ్రూపులు, హైడ్రోజన్ లేదు. కానిజారో!

సప్లీ_వీరుడు:

సార్ చెప్పింది బానే ఉంది, కాదనను. కానీ ఆ అమ్మాయికి ఆరు వారాలే ఉంది, ఇంకో రెండు సబ్జెక్టులున్నాయి, ప్రాక్టికల్ రికార్డులున్నాయి. ప్రతి రియాక్షన్‌నూ ఇలా తవ్వుకుంటూ పోతే సిలబస్ అవుతుందా? ముందు పాసవ్వాలి కదా.

ల్యాబ్_కోటు:

హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీ ఆర్ అండ్ డీలో పని చేస్తున్నా. వీరుడు బ్రో, తవ్వడం వల్ల టైము పెరగదు, తగ్గుతుంది. ఎలాగో చెప్తా.

సిరీ, నువ్వు బట్టీ పట్టాల్సినవి అసలు లేవని కాదు. ఒకటుంది: పీకేఏ విలువలు, అంటే ఆమ్లం ఎంత బలమైనదో చెప్పే సంఖ్యలు. ఓ ఏడెనిమిది చాలు. ఎసిటిక్ ఆమ్లం 4.76. కార్బొనిక్ ఆమ్లం సుమారు 6.4. ఫినాల్ 10. నీరు 15.7. ఇథనాల్ 16. ఎసిటలీన్ 25. అమ్మోనియా 38. మామూలు ఆల్కేన్ 50. సంఖ్య తగ్గేకొద్దీ ఆమ్లం బలం ఎక్కువ. ఇవి గోడ మీద అంటించుకో.

మీ ల్యాబ్‌లో తెలియని పదార్థం ఇస్తారు కదా. సోడియం బైకార్బొనేట్‌లో వేస్తే బుసబుసా పొంగితే కార్బాక్సిలిక్ ఆమ్లం అని రాస్తారు. ఫినాల్ పొంగదు, కానీ సోడియం హైడ్రాక్సైడ్‌లో కరుగుతుంది. ఎందుకని అడిగితే సగం క్లాసు మొహమొహాలు చూసుకుంటారు. పై లిస్టు చూడు. కార్బొనిక్ ఆమ్లం కంటే ఎసిటిక్ ఆమ్లం బలమైనది కాబట్టి బైకార్బొనేట్ నుంచి దాన్ని తరిమేస్తుంది, అది కార్బన్ డై ఆక్సైడ్‌గా బుడగలు కడుతుంది. ఫినాల్ 10 దగ్గర ఉంది, కార్బొనిక్ కంటే బలహీనం, తరమలేదు. నీటికంటే బలమైనదే కాబట్టి హైడ్రాక్సైడ్‌కు ప్రోటాన్ ఇచ్చేస్తుంది. థియరీలో "ఫినాల్ ఆమ్ల స్వభావం" ప్రశ్నకూ, వైవాకూ, ప్రాక్టికల్‌కూ ఒకే సమాధానం.

ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వచ్చే ఎమ్మెస్సీ పిల్లల్ని మేం అడిగేది కూడా ఇదే. అణువులో ఒక కీటోన్, ఒక ఆల్కహాల్ రెండూ ఉన్నాయి. ఒక్క ఈక్వివలెంట్ (ఒక అణువుకు ఒకటి చొప్పున) గ్రిగ్నార్డ్ కారకం వేస్తే ఏమొస్తుంది? చాలామంది టకటకా కీటోన్ మీద చేర్చి బొమ్మ గీసేస్తారు. కానీ గ్రిగ్నార్డ్ ముందు ఆల్కహాల్‌లోని హైడ్రోజన్‌ను లాగేస్తుంది: ఆల్కహాల్ 16 ఎక్కడ, హైడ్రోజన్ లాగాక గ్రిగ్నార్డ్ మారే ఆల్కేన్ 50 ఎక్కడ. ఉన్న ఒక్క ఈక్వివలెంట్ దానికే చెల్లు. చివరికి నీళ్లు పోస్తే మొదట వేసిన పదార్థమే చేతికొస్తుంది. గ్రిగ్నార్డ్‌కు ద్రావణిగా వాడే ఈథర్‌లో నీటి చుక్క ఎందుకుండకూడదో కూడా ఇందులోనే ఉంది.

సప్లీ_వీరుడు:

ఈ పీకేఏ లిస్టు నాకూ అప్పుడు ఎవరైనా ఇచ్చుంటే బాగుండేది. సేవ్ చేసుకున్నా.

అర్ధరాత్రి_చదువరి:

నేను కెమిస్ట్రీ కాదు, ఎమ్మే సైకాలజీ. సిరి రాసిన ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "రాత్రి చూస్తే అన్నీ వచ్చినట్టే ఉంటాయి."

దీని మీద 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికాలో చేసిన ప్రయోగం ఉంది. కాలేజీ విద్యార్థుల్లో కొందరు ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివారు. ఇంకొందరు ఒక్కసారి చదివి, మూడుసార్లు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తలకిందులైంది: చదివినవాళ్లకు గుర్తున్నది దాదాపు 40 శాతం, రాసి చూసుకున్నవాళ్లకు దాదాపు 61 శాతం. ఇంకో తమాషా, నాకు బాగా గుర్తుంటుంది అనే ధీమా చదివినవాళ్లకే ఎక్కువ.

రంగు పెన్నుల నోట్సు చూసుకోవడమంటే ఆ నాలుగోసారి చదవడమే. దాన్ని మూసెయ్. ఖాళీ కాగితం మీద మెకానిజం గియ్యి. ఎక్కడ ఆగిపోయావో అక్కడ మాత్రమే తెరిచి చూసి, మళ్లీ మూసి, మొదటినుంచి గియ్యి. ఒకరోజు వదిలేసి ఇంకోసారి, తర్వాత నాలుగైదు రోజులాగి ఇంకోసారి. మొదట్లో చిరాకేస్తుంది, ఏమీ రాదనిపిస్తుంది. ఆ చిరాకు పడుతున్నప్పుడే పని జరుగుతోందన్నమాట.

డల్లాస్_అత్త:

మా మేనకోడలు ఇక్కడ డిగ్రీ చదువుతోంది, మెడిసిన్‌కు వెళ్లాలని. ఇక్కడా ఈ సబ్జెక్టుకు పిల్లలు హడలిపోతారు, దీని దగ్గరే మెడిసిన్ ఆలోచన మానుకునేవాళ్లూ ఉంటారు. తను చేసిన పని ఒక్కటి చెప్తాను. ప్రొఫెసర్ ఆఫీసులో కూర్చునే టైములో ప్రతి వారం వెళ్లేది, కానీ "అర్థం కాలేదు సార్" అని ఎప్పుడూ అడగలేదట. ఎలక్ట్రాన్ల కదలికను బాణాలతో తను గీసిన తప్పు బొమ్మను తీసుకెళ్లి "ఏ బాణం దగ్గర తప్పు?" అని అడిగేదట. మీ లెక్చరర్లు తిడతారేమో నాకు తెలీదు మరి.

ఓరుగల్లు_పిల్ల:

తిట్టరు అత్తయ్యా, స్టాఫ్ రూమ్ బయట నిలబడ్డానికి మనకే భయం. ఇంటర్వెల్‌లో వెళ్తే చాలామంది సార్లు బానే చెప్తారు.

సిరి_బీజెడ్‌సీ:

అందరికీ థాంక్స్. నిన్న కాగితం మీద మొదలుపెట్టాను. ఇది చూడండి. టెర్షియరీ బ్యూటైల్ బ్రోమైడ్‌కు సోడియం ఇథాక్సైడ్ కలిపితే ఏమొస్తుంది అని పాత పేపర్లో ఉంది. ఇథాక్సైడ్ బలమైన న్యూక్లియోఫైల్ (ఎలక్ట్రాన్ జంటతో కార్బన్ మీద పడేది) కాబట్టి ఎస్ఎన్2, బ్రోమిన్ పోయి ఈథర్ వస్తుంది అని రాశాను. ఈథర్ తయారుచేసే విలియమ్‌సన్ సంశ్లేషణ కూడా అదే కదా?

ల్యాబ్_కోటు:

డల్లాస్ అత్తయ్య చెప్పినట్టే బాణం దగ్గర చూద్దాం. ఎస్ఎన్2లో ఇథాక్సైడ్ ఎటువైపు నుంచి రావాలి? బ్రోమిన్‌కు సరిగ్గా ఎదురువైపు నుంచి. ఆ కార్బన్ చుట్టూ మూడు మిథైల్ గ్రూపులు. సందెక్కడుంది? ఎస్ఎన్2కు మిథైల్ హాలైడ్ అన్నిటికంటే సులువు, ప్రైమరీ తర్వాత, సెకండరీ ఇంకా నెమ్మది, టెర్షియరీలో దాదాపు జరగదు.

మరి ఇథాక్సైడ్ ఊరికే ఉంటుందా? అది న్యూక్లియోఫైల్ మాత్రమే కాదు, బలమైన క్షారం కూడా. లోపలి కార్బన్ అందకపోయినా అంచున ఉన్న మిథైల్ హైడ్రోజన్ అందుతుంది. దాన్ని లాగుతుంది, ఆ బంధంలోని జంట ద్విబంధంగా మారుతుంది, అదే క్షణంలో బ్రోమైడ్ వెళ్లిపోతుంది. వచ్చేది 2-మిథైల్ ప్రొపీన్. దీని పేరు ఈ2.

విలియమ్‌సన్‌తో టెర్షియరీ బ్యూటైల్ మిథైల్ ఈథర్ కావాలంటే తిరగేయాలి: టెర్షియరీ బ్యూటాక్సైడ్‌ను మిథైల్ అయొడైడ్‌తో కలపాలి. లావుగా ఉన్నది దాడి చేసేవైపు ఉండాలి, దాడికి గురయ్యేవైపు కాదు. ఈ ప్రశ్న రెండు మార్కులకు తరచూ కనిపిస్తుంది.

సిరి_బీజెడ్‌సీ:

అర్థమైంది అన్నా. ఎదురువైపు నుంచి రావాలి అన్నది పుస్తకంలో చదివాను, కానీ బొమ్మలో మూడు మిథైళ్లను గీసి చూడలేదు.

ఓరుగల్లు_పిల్ల:

స్టీరియో కెమిస్ట్రీ (గ్రూపులు త్రిమితీయంగా ఎలా అమరి ఉన్నాయనేది) సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. మోడల్ కిట్ కొనలేకపోతే మైదా ముద్దలు, అగ్గిపుల్లలు చాలు. నాలుగు రంగుల ముద్దలు గుచ్చి చేత్తో తిప్పి చూస్తే ఆర్, ఎస్ (అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండు అమరికల పేర్లు) గోల పది నిమిషాల్లో తేలిపోతుంది. పరీక్షలో ఫిషర్ బొమ్మ (అడ్డగీత, నిలువుగీతలతో అణువును చూపేది) ఇస్తే ఒక చిట్కా: అన్నిటికంటే తక్కువ ప్రాధాన్యం ఉన్న గ్రూపు అడ్డగీత మీద ఉంటే, వచ్చిన జవాబును తిరగేసి రాయి. నిలువుగీత మీద ఉంటే అలాగే ఉంచు.

ల్యాబ్_కోటు:

ఈ ఆర్, ఎస్ మార్కుల కోసమే అనుకోకండి. నొప్పులకు వేసుకునే ఐబుప్రోఫెన్‌లో ప్రధానంగా పనిచేసేది ఎస్ రూపమే. ఎసోమెప్రజోల్ అన్న గ్యాస్ మాత్ర పేరులో ముందున్న 'ఎస్' ఎందుకో ఇప్పుడు ఊహించుకోండి.

సిరి_బీజెడ్‌సీ:

వీడియోలు చూడమంటారా? ఎన్‌పీటెల్ (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు) పెడితే ఇంగ్లీషు స్పీడు అందుకోలేకపోతున్నాను.

పాత_లెక్చరర్:

మొదట తెలుగు అకాడమీ పుస్తకంలో ఆ పాఠం చదువు, తర్వాత వీడియో పెట్టు, స్పీడు తగ్గించుకో. వీడియోలో ఆయన బాణం గీసేముందు ఆపి, నువ్వు గీసి, ఆ తర్వాత నడిపించు. ఆపకుండా చూస్తే అది సినిమా.

ఇక మార్కుల సంగతి, వీరుడి బాధ అదే కాబట్టి. పేపర్లు దిద్దినవాడిగా చెప్తున్నా. మెకానిజం ప్రశ్నలో మార్కులు మెట్లవారీగా పడతాయి. బాణం ఎలక్ట్రాన్ జంట దగ్గర మొదలై, అది చేరేచోట ఆగాలి. పిల్లలు ఎక్కువగా హైడ్రోజన్ దగ్గర మొదలుపెట్టి హైడ్రాక్సైడ్ దగ్గర ఆపుతారు. అది తలకిందులు. మధ్యస్థం మీద ఆవేశం గుర్తు వేయకపోతే ఆ మెట్టు మార్కు పోయినట్టే. మెకానిజం మొత్తం గుర్తురాకపోయినా, వచ్చిన మెట్లు ఆవేశాలతో సహా రాస్తే సున్నా పడదు. నాలుగు పేజీల వ్యాసం రాసి ఒక్క బాణమూ గీయనివాడికంటే ఒక పేజీలో శుభ్రంగా గీసినవాడికే ఎక్కువ వేస్తాం.

సప్లీ_వీరుడు:

సార్, నా పేపర్ మీరే దిద్దారేమోనని అనుమానంగా ఉంది.

సరే, ఇద్దరి మాటా కలిపి నేనో ప్లాన్ చెప్తా. సిరీ, మొదటి నాలుగు వారాలు రోజూ గంట మాత్రమే ఆర్గానిక్. అందులో సగం టైము కొత్త పాఠం, సగం పాతవి కాగితం మీద. ఆదివారం ఒక పాత పేపర్ మూడు గంటలు కూర్చుని రాయి, పుస్తకం తెరవకుండా. చివరి రెండు వారాలు పాత పేపర్లే. నా పన్నెండు ప్రశ్నల లిస్టు నీకు పంపుతా, కానీ ప్రతి ప్రశ్నలో పదార్థం మార్చి రాయి. ప్రొపనాల్ పెట్టు, బెంజాల్డిహైడ్ పెట్టు.

సిరి_బీజెడ్‌సీ:

పంపండి అన్నా. పదార్థం మార్చి ఒకటి ఇప్పుడే రాశాను. బెంజాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్ రెండూ కలిపి సజల సోడియం హైడ్రాక్సైడ్. బెంజాల్డిహైడ్‌కు ఆల్ఫా హైడ్రోజన్ లేదు కాబట్టి హైడ్రాక్సైడ్ ఎసిటాల్డిహైడ్ నుంచే లాగుతుంది. ఆ కార్బన్ బెంజాల్డిహైడ్ మీద పడుతుంది. తర్వాత నీరు పోయి సినమాల్డిహైడ్. కరెక్టేనా సార్?

పాత_లెక్చరర్:

కరెక్టే. దీన్ని క్లైసన్-ష్మిట్ అంటారు. నీ వంటింట్లో దాల్చినచెక్క డబ్బా మూత తీస్తే వచ్చే వాసన ఈ సినమాల్డిహైడ్‌దే. ఒక్క లోటు: ఎసిటాల్డిహైడ్ తన తోటి ఎసిటాల్డిహైడ్ మీద కూడా పడగలదు కదా, దాన్నెలా తగ్గిస్తావో రాయలేదు. బెంజాల్డిహైడ్, క్షారం ముందే ఫ్లాస్కులో ఉంచి, ఎసిటాల్డిహైడ్‌ను నెమ్మదిగా చుక్కలు చుక్కలుగా కలపాలి. ఎందుకో నువ్వే ఆలోచించి రాయి.

అదయ్యాక ఎసిటాల్డిహైడ్ తీసేసి ఎసిటోన్ పెట్టు. బెంజాల్డిహైడ్ రెండు పాళ్లు, ఎసిటోన్ ఒక పాలు. ఎసిటోన్‌కు రెండువైపులా ఆల్ఫా హైడ్రోజన్లున్నాయని మర్చిపోకు. బాణాలతో సహా గీసి ఫొటో ఇక్కడే పెట్టు, ఆదివారంలోగా చూస్తాను.